మాటలు అవే, ముగింపు మారింది

పాత మ్యూజికల్‌ని, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, మళ్లీ వేస్తున్నారంటే, కథ మొత్తం ముందే తెలుసుకుని వెళ్లమని నేను అందరికీ చెబుతుంటాను. కొత్త నాటకానికి ఏమీ తెలియకుండా వెళ్తేనే బాగుంటుంది. రివైవల్, అంటే పాతదాన్ని ఇలా మళ్లీ వెయ్యడం, దాని సంగతి వేరు. అరవై ఏళ్లుగా జనం నోళ్లలో నానిన పాటలున్న నాటకాన్ని ఒక దర్శకుడు మళ్లీ ఎత్తుకున్నాడంటే, అందులో ఆయనకి కొత్తగా కనిపించిందేదో ఉంటుంది. అదేమిటో పట్టుకోవాలంటే పాతది తెలిసి ఉండాలి.

ఈ మాట మా నాన్నకి విడిగా చెప్పక్కర్లేదు. తెనాలిలో పుట్టి, తెనాలిలోనే రిటైరైన మనిషి. పద్యనాటకాలు తెల్లవార్లూ చూసిన తరం. రాయబారానికి వెళ్లేవాళ్లలో కృష్ణుడు సంధి కుదురుస్తాడో లేదో తెలుసుకుందామని వెళ్లేవాడు ఒక్కడూ ఉండడు. పీసపాటి నరసింహమూర్తి ఆ పద్యం ఎలా ఎత్తుకుంటారు, షణ్ముఖి ఆంజనేయరాజు అదే పద్యాన్ని ఎక్కడ సాగదీస్తారు అని వెళ్తారు. మర్నాడు టీ కొట్టు దగ్గర దాని మీదే వాదనలు. న్యూయార్క్‌లో మ్యూజికల్స్ పిచ్చి ఉన్నవాళ్లు చేసే పని కూడా సరిగ్గా ఇదే.

2018 నవంబర్లో నాన్న న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా దగ్గర ఉన్నారు. అప్పుడు లింకన్ సెంటర్ థియేటర్ వాళ్లు ‘మై ఫెయిర్ లేడీ’ వేస్తున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదలైన ప్రొడక్షన్. దర్శకుడు బార్ట్‌లెట్ షేర్. ఆయన పేరు చూస్తే నాకు ఒక నమ్మకం. నేను అమెరికా వచ్చిన కొత్తలో ఆయన ఇదే థియేటర్లో ‘సౌత్ పసిఫిక్’ వేశారు. అందులో మొదటి సంగీతం నడుస్తుండగా స్టేజీ నేల వెనక్కి జరిగి, కింద కూర్చున్న ఆర్కెస్ట్రా మొత్తం కనిపిస్తుంది. ఇంకా ఒక్క నటుడు కూడా రాలేదు, జనం చప్పట్లు కొట్టేశారు. ముందు సంగీతానికి దణ్ణం పెట్టండి, తర్వాత కథ అన్నట్టుగా ఉంటుంది. ఆ రోజు నుంచి ఆయన వేసే పాత మ్యూజికల్ ఏదైనా వదలకూడదని అనుకున్నాను.

టికెట్ల దగ్గర కొంచెం ఓపిక పట్టాలి. టైమ్స్ స్క్వేర్లో ఎర్ర మెట్ల కింద ఉండే టీకేటీఎస్ కౌంటర్లో ఆ రోజు ఆటలకి తగ్గింపు టికెట్లు దొరుకుతాయి కానీ, డెబ్బై ఏళ్ల మనిషిని వెంటబెట్టుకుని, చలిలో క్యూలో నిలబడి, సీటు ఎక్కడ వస్తుందో తెలియకుండా వెళ్లడం కుదరదు. అందుకని ముందే కొన్నాను. ఆన్‌లైన్‌లో సర్వీస్ చార్జీ బాగా పడుతుంది. మా ఆయన ఆఫీసు మన్‌హటన్‌లోనే కాబట్టి సాయంత్రం థియేటర్ కౌంటర్‌కే వెళ్లి తీసుకున్నారు. ఒక్కో టికెట్ వంద డాలర్లకి పైనే అయింది. అక్కడే నిలబడి సీటింగ్ మ్యాప్ చూసి, మెట్లు తక్కువ ఎక్కేలా, నడవ పక్కనే ఉండే సీట్లు అడిగారు. నాన్నకి మోకాలి నొప్పి, కాళ్లు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని. ఆ నడవ సీటు చివర్లో ఇంకో రకంగా కలిసొచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వెళ్లడానికి ముందు వారమంతా ఇంట్లో ఇదే గోల. రాత్రి భోజనాల తర్వాత 1964లో వచ్చిన సినిమా ముక్కలు ముక్కలుగా చూశాం. హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్ పాటల్లో చాలావరకు పాడింది ఆవిడ కాదు, మార్నీ నిక్సన్ అని చెబితే నాన్న, “మన ప్లేబ్యాక్ లాగానే కదా, అందులో ఏముంది” అన్నారు. 1956లో స్టేజీ మీద ఈ వేషం వేసిన జూలీ ఆండ్రూస్ తన గొంతుతోనే పాడేది. ఆవిణ్ణి సినిమాకి తీసుకోకపోవడం అక్కడి అభిమానులకి ఇప్పటికీ కడుపుమంటే. అప్పటి రికార్డు కూడా వినిపించాను. నాన్న కళ్లు మూసుకుని విని, “ఈ అమ్మాయి మాటలు మింగట్లేదు” అన్నారు. ఆయన దృష్టిలో ఒక గాయనికి అంతకు మించిన మెప్పు లేదు.

కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. లండన్‌లో వీధిలో పూలమ్ముకునే అమ్మాయి ఎలైజా. మనిషి నోరు విప్పితే చాలు, ఏ వీధి వాడో చెప్పగల ప్రొఫెసర్ హిగిన్స్. ఈ పిల్ల మాట మార్చి, ఆరు నెలల్లో గొప్పింటి మనిషిగా చెల్లుబాటు చేయిస్తానని స్నేహితుడితో పందెం. చెల్లుబాటు చేయిస్తాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏం కావాలి అన్నది మాత్రం ఆయనకి తట్టదు.

దీని అసలు నాటకం బెర్నార్డ్ షా రాసిన ‘పిగ్మేలియన్’. 1914లో లండన్‌లో వేసినప్పుడే ముగింపు మీద గొడవ. షా ఉద్దేశం ప్రకారం ఎలైజా వెళ్లిపోతుంది. హిగిన్స్ వేషం వేసిన బీర్‌బోమ్ ట్రీ మాత్రం చివర్లో ఆవిడ వైపు పూలు విసిరి, ఇద్దరికీ ప్రేమ కుదిరిందనిపించేవాడు. షాకి ఒళ్లు మండింది. 1916లో పుస్తకం వేసినప్పుడు వెనక పెద్ద వివరణ రాశాడు. ఎలైజా ఫ్రెడ్డీ అనే కుర్రాణ్ణి పెళ్లి చేసుకుంది, పూల కొట్టు పెట్టుకుంది, హిగిన్స్‌ని మాత్రం చేసుకోలేదు అని. షా పోయాక అలన్ జే లెర్నర్, ఫ్రెడరిక్ లో అనే ఇద్దరు కలిసి దీన్ని మ్యూజికల్ చేశారు. అందులో ఎలైజా తిరిగొస్తుంది. హిగిన్స్ కుర్చీలో వెనక్కి వాలి, నా స్లిప్పర్లు ఎక్కడున్నాయి అని అడుగుతాడు. తెర పడుతుంది. జనం ఆనందంగా ఇళ్లకి వెళ్లారు. అలా 2,717 ప్రదర్శనలు నడిచింది. అది ఆడిన మార్క్ హెలింగర్ థియేటర్ ఇప్పుడు చర్చి అయిపోయింది.

నాన్న ఇదంతా విని, “తెచ్చిచ్చిందా?” అని అడిగారు. స్లిప్పర్ల సంగతి. తెస్తుందో లేదో చూపించరు నాన్నా, నవ్వుతుంది అంతే అన్నాను. ఆయన ఏమీ అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆట. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా సలహా ఇదే, మధ్యాహ్నం ఆటకే వెళ్లండి. మూడు గంటల నాటకం, రాత్రి ఆటకి వెళ్తే తిరుగు రైలు కోసం ఆదరాబాదరాగా పరిగెత్తాలి. ఎడిసన్ నుంచి పెన్ స్టేషన్‌కి రైలు, అక్కడ నుంచి ఒకటో నంబర్ సబ్‌వేలో 66వ వీధి దాకా. నాన్న మంకీ క్యాప్, శాలువా, లోపల రెండు స్వెట్టర్లు. మా అమ్మాయి తాతయ్య చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది. మెట్ ఒపేరా పక్కగా వెళ్తే ఒక నీళ్ల కొలను, అందులో హెన్రీ మూర్ చేసిన పెద్ద శిల్పం, దాని ఎదురుగా వివియన్ బోమాంట్ థియేటర్. బ్రాడ్‌వే థియేటర్లన్నీ టైమ్స్ స్క్వేర్ చుట్టూ కిక్కిరిసి ఉంటే ఇదొక్కటే ఇక్కడ, ఊపిరి పీల్చుకునే చోట ఉంది. లోపల స్టేజీ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, జనం దానికి మూడు వైపులా కూర్చుంటారు. ఎంత వెనక కూర్చున్నా నటుడి మొహం కనిపిస్తుంది.

చెవులు కొంచెం మందగించినవాళ్లకి అక్కడ హెడ్‌సెట్ ఉచితంగా ఇస్తారు, ఐడీ కార్డు వాళ్ల దగ్గర పెట్టి తీసుకోవాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినా మొహమాటపడతారు. ఇంగ్లీషు వచ్చి కూడా లండన్ యాస పట్టుబడనివాళ్లకి సైతం అది బాగా పనికొస్తుంది. నాన్న తీసుకున్నారు, చివరిదాకా తియ్యలేదు.

ప్లేబిల్, అంటే నాటకం వివరాలుండే చిన్న పుస్తకం, చేతికివ్వగానే ఆయన ముందు చూసింది వేషధారుల పేర్లు. మొదట ఎలైజా వేసిన లారెన్ ఆంబ్రోస్ అక్టోబర్లో మానేసి, ఆ వేషంలోకి లారా బెనాంటీ వచ్చింది. హిగిన్స్ తల్లి వేషంలో మొదట డయానా రిగ్ ఉండేది. ఆవిడ వెళ్లాక రోజ్‌మేరీ హ్యారిస్ వచ్చింది. స్పైడర్‌మ్యాన్ పాత సినిమాల్లో ఆంట్ మే అంటే మా అమ్మాయికి వెంటనే తెలిసింది. తొంభై ఒకటేళ్ల వయసులో వారానికి ఎనిమిది ఆటలు. ఒకే ప్రొడక్షన్లో మనుషులు ఇలా మారితే నాటకం చెడదా అని మా ఆయన అడిగితే నాన్న నవ్వారు. “అల్లుడు గారూ, మా దగ్గర ఒక్క రాత్రిలోనే ముగ్గురు కృష్ణులండీ. ఒకటో కృష్ణుడు పడక సీను, రెండో కృష్ణుడు రాయబారం. జనం ముగ్గుర్నీ చూడ్డానికే వస్తారు.”

వయసుల సంగతి ప్లేబిల్‌లో ఉండదు గానీ, నేను ముందే చూసుకున్నాను. 1956లో రెక్స్ హ్యారిసన్‌కి 48, జూలీ ఆండ్రూస్‌కి 20. ఇక్కడ హిగిన్స్ వేసిన హ్యారీ హాడెన్-ప్యాటన్‌కి 37, బెనాంటీకి 39. ఈ రెండు అంకెలతోనే సగం నాటకం మారిపోయింది. పెద్దాయన చిన్నపిల్లని తీర్చిదిద్దుతున్నాడు అనే భావమే రాదు. ఈడూ జోడూ అయిన ఇద్దరిలో ఒకడికి చదువు, ఇల్లు ఉన్నాయి, ఇంకొకరికి లేవు, అంతే.

దీపాలు తగ్గాయి. ఇరవై తొమ్మిది మంది వాయిద్యగాళ్లు మొదటి సంగీతం ఎత్తుకున్నారు. ఈ రోజుల్లో బ్రాడ్‌వేలో అంతమంది ఆర్కెస్ట్రా దొరకడం అరుదు. ఖర్చు తగ్గించడానికి సగానికి సగం కోసేస్తారు. స్పీకర్ల లోంచి వచ్చే సంగీతానికీ, అన్ని వయొలిన్లు ఒకేసారి గాలిని కదిలించడానికీ తేడా నాన్న మొహంలోనే తెలిసింది. చూపుడువేలు మోకాలి మీద తాళం వేస్తోంది. ఒక హార్మోనియం, ఒక తబలాతో ఊళ్లకి ఊళ్లు కదిలించిన నాటకాలు చూసిన మనిషి, ఇంత సంగీతం ఒకేసారి విని చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత హిగిన్స్ ఇల్లు వచ్చింది. మైకేల్ యెర్గన్ వేసిన సెట్. స్టేజీ లోతుల్లోంచి రెండంతస్తుల ఇల్లు ముందుకి వచ్చి మా ముందు ఆగింది. పుస్తకాల బీరువాలు, మెలికల మెట్లు, మాట రికార్డు చేసే యంత్రాలు. ఆ ఇల్లు గుండ్రంగా తిరుగుతుంది. ఎలైజా ఒక గది లోంచి ఇంకో గదిలోకి వెళ్తుంటే ఇల్లే ఆమె చుట్టూ తిరుగుతూ ఉంటుంది. అందం కోసమే చేసిన పని కాదది. ఆ ఇంట్లో ఆమెకి నిలకడైన చోటు లేదని, ఏ గదీ ఆమెది కాదని, ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

పాఠాలు నేర్పే సీన్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సినిమాలో ఇవి చూసి నవ్వుకున్నాం. నోట్లో గోలీలు పెట్టుకుని మాట్లాడమంటాడు, ఎలైజా ఒకటి మింగేస్తుంది. హాల్లో నవ్వులు. ఇక్కడ బెనాంటీ ఆ గోలీలు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటుంటే నేను ఆమె చేతులు చూశాను. నవ్వు రాలేదు. నేను హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు, మాదాపూర్‌లో ఒక కంపెనీలో వాయిస్ అండ్ యాక్సెంట్ ట్రైనింగ్ అని పెట్టారు. ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించి, రికార్డు చేసి, క్లాసు మొత్తానికీ వినిపించేవాళ్లు. ఎవరు ఏ జిల్లా వాళ్లో, ఎవరు తెలుగు మీడియమో ఆ రికార్డులో దొరికిపోయేది. ట్రైనర్ చెడ్డవాడేమీ కాదు. ఆయన పని ఆయన చేశాడు. కానీ నా గొంతు నాకే వినిపించి, ఇందులో తప్పులు మీరే చెప్పండి అన్నప్పుడు కలిగింది సిగ్గు కాదు, అంతకంటే లోతైనదేదో. దానికి పేరు నాకు ఆ ఆదివారం దాకా తట్టలేదు. ఎలైజా అదే యంత్రం ముందు కూర్చుని ఉంటే తట్టింది. నా సొంతదాన్ని నా చేతే కాదనిపించారు.

మా ఆయనది కరీంనగర్. ఇంజనీరింగ్ గుంటూరు వైపు చదివారు. హాస్టల్లో ఆయన నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి ఎవరో ఒకరు అదే మాట అదే పలుకుతో అనేవారట. మొదటి ఏడాదంతా క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగలేదని పెళ్లయిన చాన్నాళ్లకి చెప్పారు. మన సినిమాల్లో చాలా ఏళ్లు తెలంగాణ యాస విలన్లకీ కమెడియన్లకీ మాత్రమే ఇచ్చారు కదా. అలాంటి మనిషి, ఎలైజా మొదటిసారి వాక్యం సరిగ్గా పలికి ముగ్గురూ కలిసి ‘ద రెయిన్ ఇన్ స్పెయిన్’ పాడుతూ సోఫాల మీద గంతులు వేస్తుంటే, హాలంతా చప్పట్లతో ఊగిపోతుంటే, చేతులు కట్టుకుని కూర్చున్నారు. పాట నచ్చలేదా అంటే, “పాట మస్తుంది. గని గామె పాత మాట యాడికి వోయిందో ఎవలూ అడుగుతలేరు” అన్నారు. ఇంట్లో నాతో ఆయన ఎక్కువగా తన మాటలోనే మాట్లాడతారు. మా నాన్న ముందు మాట్లాడటం మాత్రం తక్కువ.

పాట అయ్యాక నాన్న నా వైపు వంగి గుసగుసగా, “వన్స్‌మోర్ కొట్టరా?” అన్నారు. ఇక్కడ కొట్టరు నాన్నా అన్నాను. ఆయనకి అది మాత్రం నచ్చలేదు. అంత గొప్పగా పాడిన మనిషిని ఇంకోసారి పాడమనకపోవడం మర్యాద తక్కువ పనిలా అనిపించింది.

గుర్రప్పందాల సీన్లో స్టేజీ ఖాళీ. కేథరిన్ జూబర్ దుస్తులే సెట్ అక్కడ. బూడిదరంగు, లేత ఊదా, చక్రాలంతేసి టోపీలు. పెద్దింటి మనుషులు కదలకుండా నిలబడి, మేం ఎంత ఉత్సాహంగా ఉన్నామో అని పాడతారు. ఆ ఏడాది ఈ నాటకానికి వచ్చిన ఒకే ఒక్క టోనీ, అంటే బ్రాడ్‌వే నాటకాలకిచ్చే అవార్డు, ఈ దుస్తులకే. పది నామినేషన్లలో ఒకటి.

విశ్రాంతిలో ఆడవాళ్ల బాత్రూం క్యూ అంటే బ్రాడ్‌వేలో అభిమానుల సభ. నా ముందు నిలబడ్డ పెద్దావిడ ఈ నాటకాన్ని ఎక్కడెక్కడ ఏ ఎలైజాతో చూసిందో వరసగా చెప్పుకొచ్చింది. ఇంకొకావిడ రెండోసారి వచ్చిందట, చివర ఏం చేశారో చెప్పబోతే క్యూ మొత్తం ఆమె నోరు మూయించింది. “నాకు మాత్రం అస్సలు నచ్చలేదు, అంతే చెబుతాను” అని కోపంగా అంది. ఆవిడ వెనక ఒక కాలేజీ అమ్మాయి, “నేను అందుకోసమే మళ్లీ వచ్చాను” అంది. అక్కడ నుంచి వాదన. పుణేలో పెరిగిన ఒకావిడ నన్ను చూసి దగ్గరికొచ్చి, మా మరాఠీలో పు.ల. దేశ్‌పాండే దీన్ని ‘తీ ఫుల్‌రాణీ’ అని రాశారు, భక్తీ బర్వే వేసేది, మా అమ్మ చూసింది అని మురిసిపోతూ చెప్పింది. లండన్ పూలమ్మి మరాఠీలో మాట్లాడినప్పుడు అక్కడి వీధి మాట, గొప్పింటి మాట సరిగ్గా సరిపోయాయట. ఎందుకు సరిపోవు, ప్రతి భాషలోనూ ఆ మెట్లున్నాయి కదా.

రెండో సగంలో నాకు బాగా గుర్తున్నది పందెం గెలిచి ఇంటికొచ్చిన రాత్రి. ఇద్దరు మగవాళ్లూ ఒకరినొకరు పొగుడుకుంటారు. ఎలైజా ఒక మూల నిలబడి ఉంటుంది. సినిమాలో కెమెరా అప్పుడప్పుడే ఆమెని చూపించింది. స్టేజీ మీద మన కళ్లని ఎవరూ తిప్పలేరు. నేను ఆ పాట అంతసేపూ బెనాంటీనే చూశాను. ఆమె ఏమీ చెయ్యదు. వింటుంది. చేతి గ్లోవ్స్ కూడా తియ్యదు. పాట అయ్యేసరికి ఆ మొహంలో నెమ్మదిగా ఏదో గట్టిపడుతుంది. హిగిన్స్ వెనక్కి వచ్చి స్లిప్పర్లు ఏవని అడిగినప్పుడు వాటిని అతని మీదకి విసిరి కొడుతుంది. మా పక్క వరసలో ఎవరో గట్టిగా చప్పట్లు కొట్టారు. నాన్న, “అబ్బ, చెప్పే!” అన్నారు. మన దగ్గర దాని బరువు ఏమిటో చెప్పక్కర్లేదు.

రోజ్‌మేరీ హ్యారిస్ వచ్చిన సీన్లు చిన్నవే. మొహం కూడా పూర్తిగా తిప్పకుండా, ఒక చిన్న మాటతో కొడుకుని కూలదోస్తుంది. కొడుకుని కాదని, వీధి పిల్ల పక్కన నిలబడ్డ తల్లి. ఆవిడ గొంతులో వణుకు లేదు, హడావుడి లేదు. నాన్నకి ఆ రోజు అందరి కంటే నచ్చింది ఆవిడే.

ఇక చివరి సీను. హిగిన్స్ ఇంట్లో ఒంటరిగా, ఎలైజా మొదటి రోజు రికార్డు పెట్టుకుని వింటుంటాడు. తను చెరిపేసిన ఆ పాత గొంతు. మా ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది. ఆ మాట ఆ యంత్రంలో, ఆయన దగ్గర మిగిలిపోయింది. ఎలైజా వస్తుంది. యంత్రం ఆపుతుంది. మిగతా మాట తనే, ఆ పాత యాసలోనే పలుకుతుంది. హిగిన్స్ ఊపిరి పీల్చుకుని, అదే మాట అంటాడు. నా స్లిప్పర్లెక్కడ? 1956 నుంచి ఉన్న మాటే. మార్చలేదు. బెనాంటీ అతని దగ్గరికి నడిచింది. చెంప మీద చెయ్యి వేసింది. అందులో జాలి ఉంది, ప్రేమ కూడా ఉంది, అబద్ధం చెప్పడం ఎందుకు. తర్వాత వెనక్కి తిరిగి, స్టేజీ దిగి, జనం మధ్యలోకి వచ్చేసింది.

మా నడవలోంచే. నాన్న సీటుకి జానెడు దూరంలో ఆమె గౌను అంచు నేలకి రాసుకుంటూ వెళ్లింది. ఆమె ఎవరినీ చూడలేదు. చూపు తిన్నగా వెనక తలుపు మీదే ఉంది. చెంపల మీద చెమట, మెడ దగ్గర నరం కదలడం కూడా కనిపించాయి. అంత దగ్గర. అందరం తలలు తిప్పి ఆమెనే చూస్తున్నాం. స్టేజీ మీద హిగిన్స్ ఒక్కడే మిగిలిపోయాడు, అతన్ని చూసేవాళ్లే లేరు. ఒక్క కొత్త మాట రాయకుండా, ఒక్క నడకతో షా కోరుకున్నది షేర్ ఇచ్చేశాడు.

బయట కొలను దగ్గర జనం విడిపోకుండా నిలబడి వాదించుకుంటున్నారు. ఆ క్యూలో కోపగించుకున్నావిడ నన్ను గుర్తుపట్టి, “అరవై ఏళ్ల కథ ఒకటి నా దగ్గర నుంచి లాక్కున్నారు” అంది. ఆవిడ బాధ నాకు అర్థమైంది. చిన్నప్పటి నుంచీ మనసులో పెట్టుకున్న కథ అది. కానీ ఆ ముగింపు ఇష్టపడ్డవాళ్లకి సినిమా ఉంది, రికార్డు ఉంది, ఎవరూ తీసుకుపోలేదు. పాతదాన్ని పాతగానే వెయ్యాలంటే మనుషులెందుకు, సీడీ చాలు. నా అభిప్రాయం ఇదే, ఇప్పటికీ ఇదే.

తిరుగు రైల్లో నాన్న చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నెవార్క్ దాటాక ఉన్నట్టుండి మా ఆయన్ని అడిగారు.

“అల్లుడు గారూ, హరిశ్చంద్ర చూశారా మీరు?”

“చిన్నప్పుడు జాతరల చూసిన మామయ్యా. కాటిసీను యాదికుంది.”

“కాటిసీను కాదండీ. అంతకు ముందు. కాశీలో అమ్మకం.”

నక్షత్రకుడు అప్పు కోసం పీడిస్తుంటే హరిశ్చంద్రుడు నడిబజార్లో భార్యని అమ్మకానికి పెట్టే ఘట్టం. చంద్రమతే నన్ను అమ్మండి అంటుంది. డి.వి. సుబ్బారావు పద్యం అందుకుంటే పందిట్లో ఏడవనివాళ్లు ఉండేవాళ్లు కాదని నాన్న ఎప్పుడూ చెబుతారు. ఆ రాత్రి ఆయన అన్నది వేరు. అన్ని పద్యాలూ అయ్యాక, కాలకౌశికుడు డబ్బు లెక్కపెట్టాక, చంద్రమతి అతని వెనకే తెర చాటుకి వెళ్లకుండా జనం మధ్య నుంచి నడిచి వెళ్తే? పిల్లాడి చెయ్యి పట్టుకుని. పద్యం ఒక్కటి కూడా మార్చక్కర్లేదు. కొన్నవాడి వెనకే వెళ్తుంది, కథ కథే. కానీ ఆమెని అమ్ముతుంటే వన్స్‌మోర్ కొట్టిన మనం ఆమె మొహం దగ్గర్నుంచి చూడాల్సి వస్తుంది.

మా ఆయన వెంటనే, “హరిశ్చంద్రుడు స్టేజ్ మీదనే ఉండాలె. ఒక్కడే” అన్నారు. అక్కణ్ణుంచి ఎడిసన్ దాకా ఇద్దరూ ఆగలేదు. చంద్రమతి ఏ వైపు దిగాలి, హార్మోనియం అప్పుడు వాయించాలా వద్దా, పందిళ్లలో నడవ ఎక్కడుంటుంది. మా ఆయన తన మాటలోనే మాట్లాడుతున్నారు, నాన్న తెనాలి మాటలో. అంతసేపు వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ ప్రొడక్షన్ 2019 జూలై 7న ముగిసింది. అదే ఏడాది డేనియల్ ఫిష్ వేసిన ‘ఓక్లహోమా!’ చూశాం. 1943 నాటి మ్యూజికల్‌ని ఏడుగురు వాయిద్యగాళ్లతో, హాల్లో దీపాలు వెలుగుతుండగానే, విశ్రాంతిలో జనానికి చిల్లీ అనే బీన్స్ కూర, కార్న్‌బ్రెడ్ పెట్టి వేశారు. అందులోనూ మాటలు పాతవే, కానీ చివరికి వచ్చేసరికి ఒళ్లు గగుర్పొడిచింది. ఫోన్లో ఆ వివరాలన్నీ నాన్నకి చెబితే, భోజనం సంగతి కంటే ఏడుగురితో ఎలా లాక్కొచ్చారనే దాని మీద ఎక్కువ ప్రశ్నలు వేశారు.

తెనాలి వెళ్లాక ఆయన తనకి తెలిసిన ఒక హార్మోనిస్టుతో చంద్రమతి నడక సంగతి చెప్పారట. కుదరదు, వేషం కట్టిన మనిషి జనంలోకి దిగితే వేషం చెడుతుంది అన్నాడట ఆయన. మరి వీధిభాగవతాల్లో దిగలేదా అని నాన్న. అది వేరు, ఇది వేరు అని ఆయన. వాదన ఇంకా తెగలేదు. వారం వారం ఫోన్లో మా ఆయనకి రిపోర్టు వస్తూనే ఉంది.